బిడ్డను ఎవరి చేతికి అప్పగింతుము?

(కుటుంబ పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 2:1–10, 2 సమూయేలు 4:4, ఆదికాండము 33:12–14, ఆదికాండము 35:8.
కంఠస్థ వాక్యము: ఆదికాండము 33:14.



చిన్నతనమున బడి మానివేసి, పెండ్లియై, ఒకరిద్దరు బిడ్డలకు తల్లులైన స్త్రీలు మరల పుస్తకము చేతపట్టుట నేడు మన సంఘములలో చూచుచున్నాము. ఒకామె పదవ తరగతి పరీక్షకు ఫీజు కట్టుచున్నది. ఒకామె దూరవిద్య ద్వారా డిగ్రీ చదువుచున్నది. ఇంకొకామె నర్సు శిక్షణకో, ఉపాధ్యాయ శిక్షణకో పోవలెనని కోరుచున్నది. తుర్కయాంజాల్ మొదలుకొని ఇబ్రహీంపట్నము వరకు సాగర్ రోడ్డు వెంబడి ఉదయమున బస్సుకొరకు నిలుచువారిలో పడుచుపిల్లలే గాక పిల్లల తల్లులును ఉన్నారు.

ఈ తల్లులకు పాఠములకంటె పెద్ద చిక్కు ఒకటి కలదు. "నేను పోయివచ్చునంతవరకు బిడ్డను ఎవరు చూచుదురు?" అనునదే ఆ చిక్కు. పూర్వము కూలికి పోవు తల్లి చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డను పరుండబెట్టి, కనుచూపు మేరలో కలుపు తీసికొనెడిది. ఆ పొలములలో అనేకము నేడు ఇండ్ల స్థలములైనవి. తరగతి గదిలో ఉయ్యాల కట్టుటకు వీలులేదు. ఈ ప్రశ్నకు జవాబు దొరకక చదువు మానుకొన్నవారున్నారు. తొందరపడి ఏదో ఒక జవాబు చెప్పుకొని, తరువాత దుఃఖపడినవారును ఉన్నారు. కావున ఈ నెల మనము ఈ సంగతిని దేవుని వాక్యపు వెలుగులో నిదానముగా ఆలోచించుదము.

1. తల్లి మరల చదువుట తగునా?

మొదట దీనిని తేల్చుకొనవలెను. ఏలయనగా ఇంటిలో ఈ విషయమై సందేహమున్నంతవరకు బిడ్డ ఏర్పాటు ఎన్నడును సరిగా జరుగదు. తల్లి గడప దాటినప్పుడెల్ల ఎవరో ఒకరు మూతి ముడుచుకొందురు. బిడ్డ ఏడ్చిన ప్రతిసారి చదువుమీదనే నింద పడును.

లూకా సువార్త 10వ అధ్యాయములో బేతనియ గ్రామపు మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండి బోధ వినుచుండెను. ఆ కాలమున బోధకుని పాదములయొద్ద కూర్చుండుట శిష్యుల స్థానము, అనగా చదువరుల స్థానము. వంటయింటి పని మిగిలియున్నదని ఆమెను అక్కడనుండి లేపుటకు ప్రభువు ఒప్పుకొనలేదు. పనిభారముతో అలసిన మార్తను ఆయన ప్రేమతోనే పలుకరించెను. అయినను మరియకు దొరకినది ఆమెయొద్దనుండి తీసివేయబడదనెను. ఈ మాట మన ఇండ్లలో చదువ గోరు కోడండ్ర పక్షమున నిలుచుచున్నది.

మన తెలుగు దేశములో ఈ త్రోవ క్రొత్తది కాదు. రామాయపట్నములో 1872లో ఆరంభమైన బాప్టిస్టు వేదాంత పాఠశాలకు పల్లెలనుండి భర్తలు చదువ వచ్చినప్పుడు భార్యలును వారితో కూడ వచ్చి అక్షరములు, వాక్యము నేర్చుకొనిరి. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసు నగరమున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, బడి మానిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచిరి. ఆమె మొదటి అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో వయసు వచ్చిన స్త్రీలకొరకు సంక్షిప్త విద్యా తరగతులను ఆరంభించెను. బాల్యములో తప్పిపోయిన అనేక సంవత్సరముల చదువును, లోకానుభవముగల స్త్రీ కొద్దికాలములోనే అందుకొనగలదను నమ్మికమీద ఆ తరగతులు నడచినవి.

1982లో హైదరాబాదు కేంద్రముగా సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. భారతదేశములో అట్టివాటిలో అదియే మొదటిది. నేడు దానిని డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పిలుచుచున్నాము. పదవ తరగతి, ఇంటర్మీడియెట్ చదువగోరువారికి తెలంగాణ ఓపెన్ స్కూలు ఉన్నది. ద్వారములు తెరచియున్నవి. ఆ ద్వారము దగ్గర తల్లి చంకలోనున్న బిడ్డను అందుకొను చేయి ఎవరిదన్నదే మిగిలిన ప్రశ్న.

2. మోషే తల్లి చేసిన ఏర్పాటు

బిడ్డను ఇతరుల చేతికి అప్పగింపవలసి వచ్చిన తల్లులలో మోషే తల్లియైన యోకెబెదు సంగతి వాక్యములో వివరముగా నున్నది. ఆమెకు కలిగినది ఫరో ఆజ్ఞవలననైన ప్రాణభయము. మన తల్లులకు అట్టి భయము లేదు. అయినను ఆమె చేసిన పని క్రమమునుండి మనము నాలుగు సంగతులు నేర్చుకొనవచ్చును.

మొదటిది, ఆమె బిడ్డను తన యొద్ద ఉంచుకొనగలిగినంత కాలము ఉంచుకొనెను. మూడు నెలలు దాచి పాలిచ్చెను. విడువవలసిన గడియ రాకముందే తొందరపడి విడువలేదు.

రెండవది, ఆమె పెట్టెను సిద్ధపరచెను. జమ్ము పెట్టెకు జిగటమన్నును కీలును పూసెను. నీరు ఎక్కడనుండి లోనికి వచ్చునో ముందుగా చూచి, ఆ సందులన్నిటిని మూసెను. ప్రార్థనచేయు తల్లియే గదా. అయినను కీలు పూయుట మానలేదు. "దేవుడే చూచుకొనును" అని చెప్పి బిడ్డను ఎక్కడబడితే అక్కడ దింపి పోవుట విశ్వాసము కాదని దీనివలన తెలియుచున్నది.

మూడవది, కావలి యుంచెను. బిడ్డకు ఏమి జరుగునో తెలిసికొనుటకు అక్క దూరముగా నిలిచియుండెను. అప్పగించిన తరువాతను కన్ను తీయలేదు.

నాలుగవది, ఫరో కుమార్తె ఆ బిడ్డను పెంచు పనికి జీతము నియమించెను. బిడ్డను పెంచుట ఊరక జరుగు పనియని ఆ రాజకుమార్తె అనుకొనలేదు.

తగిన సమయము, ముందు సిద్ధపాటు, విడువని కన్ను, న్యాయమైన జీతము: ఈ నాలుగును మన ఏర్పాటులోను ఉండవలెను.

3. అక్క బడి మానరాదు

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మోషే అక్క నదియొద్ద నిలిచెను గనుక, చిన్న బిడ్డను పెద్ద బిడ్డమీద వేయవచ్చునని కొందరనుకొందురు. మన పల్లెలలో ఇది తరతరాలుగా నడచిన సులభమైన జవాబు. ఎనిమిదేండ్ల పిల్ల చంకలో ఏడాది బిడ్డ! ఆ పిల్లను పనిలో పెట్టితిమని తలిదండ్రులు అనుకొనరు. "ఇంటిపట్టున ఉన్నది" అనుకొందురు.

మన రంగారెడ్డి జిల్లా ఈ విషయములో దేశమునకే ఒక పాఠము నేర్పినది. యం. వెంకటరంగయ్య ఫౌండేషనువారు ప్రొఫెసరు శాంతా సిన్హా గారి నాయకత్వమున 1991 మొదలుకొని ఈ జిల్లా పల్లెలలో పిల్లలను పనినుండి తప్పించి బడికి చేర్చు ఉద్యమమును నడిపిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుల లెక్కలోనికి వచ్చునని వారు పట్టుబట్టిరి. జీతమునకు పనిచేయు బాలుడే గాక, ఇంటిలో తమ్ముని ఎత్తుకొని కూర్చున్న ఆడపిల్లయు ఆ లెక్కలోనిదే. ఈ సేవకు శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే బహుమానము లభించెను. 2009లో చేయబడి, 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల వరకు ప్రతి బిడ్డకును బడిని హక్కుగా చేసినది.

తల్లి తన బాల్యములో పోగొట్టుకొన్న చదువును తిరిగి పొందుటకు కుమార్తె బాల్యమును వెల చెల్లించినచో, ఆ ఇంటికి కలిగిన లాభమేమి? ఇరువది యేండ్ల తరువాత ఆ కుమార్తెయు చంకలో బిడ్డతో అదే ద్వారము దగ్గర నిలువవలసి వచ్చును. వాక్యమును సరిగా చదివినచో, మిర్యాము కొంతసేపు మాత్రమే కాచెను; తరువాత పరుగెత్తిపోయి పెద్దవారిని పిలుచుకొని వచ్చెను. బిడ్డను పెంచినది తల్లియే. సాయంత్రము బడినుండి వచ్చిన అక్క తమ్మునితో ఆడుకొనవచ్చును, జోలపాట పాడవచ్చును. దినమంతయు వాని భారము ఆమెమీద మోపరాదు.

4. మన ఎదుటనున్న మార్గములు

ఇంటి పెద్దలు. అమ్మమ్మ, నానమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ ఉన్న ఇల్లు ధన్యమైనది. రూతు కనిన ఓబేదును నయోమి కౌగిట నుంచుకొని పెంచెను. తిమోతి విశ్వాసమునకు అమ్మమ్మయైన లోయిని పౌలు జ్ఞాపకము చేయుచున్నాడు. బిడ్డకు ఎరిగిన ముఖము, ఎరిగిన ఒడి దొరకుట గొప్ప మేలు. అయితే అవ్వ వయసును, మోకాళ్ల నొప్పులను లెక్కింపవలెను. నడక నేర్చిన బిడ్డ వెంట పరుగెత్తుట అరువది యేండ్ల స్త్రీకి తేలిక కాదు. ఆమెను అడుగకుండ "ఇంటిలోనే ఉన్నది గదా" అని బిడ్డను వదలి పోవుట ఆమెను గౌరవించుట కాదు. ఏ దినములు, ఎన్ని గంటలు అని చెప్పి అడిగి, ఆమె మనఃపూర్వకముగా ఒప్పుకొన్నప్పుడే ఆ ఏర్పాటు నిలుచును.

పొరుగింటి స్త్రీ. జీతము తీసికొని ఒకరిద్దరు పిల్లలను చూచు స్త్రీలు కాలనీలలో ఉన్నారు. తల్లులవంటి ప్రేమ గలవారును వారిలో ఉన్నారు. ఆ ఇంటిని మాత్రము కన్నులార చూచినతరువాతనే నిర్ణయింపవలెను. ఆ ఇంటికి వచ్చిపోవు మనుష్యులెవరో, మధ్యాహ్నవేళ ఇంటిలో ఎవరుందురో తెలిసికొనవలెను.

అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి సేవలను దేశములో 33 ప్రాజెక్టులతో ఆరంభించెను. నేడు దాదాపు ప్రతి పల్లెలోను, బస్తీలోను అంగన్‌వాడీ కలదు. మూడేండ్లనుండి ఆరేండ్ల పిల్లలకు అక్కడ ఆటపాటలతో కూడిన పూర్వప్రాథమిక విద్య, భోజనము, తూనిక, టీకాల విచారణ ఉండును. మూడేండ్లలోపు బిడ్డలకు బాలామృతము ఇంటికి ఇత్తురు. మూడేండ్లు దాటిన బిడ్డకు ఇది ఖర్చులేని మంచి మార్గము. అయితే పసిబిడ్డలను దినమంతయు ఉంచుకొనుటకు సాధారణ అంగన్‌వాడీ ఏర్పడలేదు. 2022 మొదలుకొని కేంద్ర ప్రభుత్వము "పాల్నా" అను పథకము క్రింద కొన్ని అంగన్‌వాడీలకు శిశుశాలను జతచేయ పూనుకొన్నది. ఆరు నెలలనుండి ఆరేండ్ల వరకు పిల్లలను తల్లి పని వేళలలో ఉంచుకొనుట దాని ఉద్దేశము. మనకు దగ్గరలో అట్టిది ఉన్నదేమో అంగన్‌వాడీ టీచరును గాని, శిశు అభివృద్ధి ప్రాజెక్టు కార్యాలయమును గాని అడిగి తెలిసికొనవలెను. లేనియెడల సంఘపు స్త్రీలు కలిసి అర్జీ పెట్టవచ్చును.

రుసుము తీసికొను శిశుశాలలు, ప్లే స్కూళ్లు. రంగుల గోడలు, ఆంగ్లపు పేరు చూచి మోసపోరాదు. బిడ్డను ఎత్తుకొను చేతులెన్ని, ఒక్కొక్కరికి ఎందరు పిల్లలు అన్నదే ముఖ్యము. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించి, ఏబదిమంది గాని అంతకంటె ఎక్కువమంది గాని పనిచేయు సంస్థలకు శిశుశాల ఉండవలెనని నియమించిరి. ఆ నియమము ఉద్యోగినులకొరకైనది. చదువుకొను తల్లుల మాట అందులో లేదు. కావున మన చదువరి తల్లులకు ఇంటివారును, సంఘమును మరింత అండగా నిలువవలసియున్నది.

5. తొందరపాటు చేసిన గాయము

2 సమూయేలు 4:4లో ఒక దాది కనబడును. సౌలును యోనాతానును యుద్ధములో మడిసిరను వార్త రాగానే ఆమె ఐదేండ్ల మెఫీబోషెతును ఎత్తుకొని పరుగెత్తెను. ఆ తొందరలో బిడ్డ పడి, కుంటివాడాయెను. ఆమెకు ప్రేమ లేకపోలేదు. బిడ్డ ప్రాణము కాపాడవలెననియే పరుగెత్తెను. అయినను తొందర గాయము చేసెను, ఆ గాయము జీవితమంతయు నిలిచెను.

రేపు తరగతులు ఆరంభమనగా నేడు బిడ్డకు చోటు వెదకుట ఇట్టి తొందరయే. ఫీజు కట్టిన దినముననే ఈ వెదకుటయు ఆరంభము కావలెను. ఒక నెల ముందుగానైనను చోటు చూడవలెను. ఒకసారి చెప్పి పోవలెను, మరియొకసారి చెప్పకుండ పోవలెను. అక్కడ ఈ క్రింది సంగతులు గమనింపుడి.

నీళ్లు: సంపుకు గట్టి మూత ఉన్నదా? నిండు బకెట్లు, తొట్లు బిడ్డకు అందునట్లున్నవా? జానెడు లోతు నీళ్లైనను పసిబిడ్డకు ప్రాణాపాయమే. దగ్గరలో చెరువు గాని, పూడ్చని బావి గాని, ఇల్లు కట్టుటకు త్రవ్విన గుంట గాని ఉన్నదా?

నిప్పు, విషము: పొయ్యి ఎక్కడ ఉన్నది? కిరోసిను, పురుగుల మందు, బాత్‌రూము కడుగు ఆసిడ్ ఎత్తుగా దాచబడినవా?

రోడ్డు: వాకిలికి గడియ ఉన్నదా? లారీలు, ట్రాక్టర్లు తిరుగు వీథియా?

శుభ్రత: బిడ్డకు కడిగినతరువాతను, తినిపించుటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొందురా? త్రాగునీరు ఏది?

మనుష్యులు: పెద్దవారు పిల్లలను పేరుపెట్టి పిలుచుచున్నారా? ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుచున్నారా, బెదరించుచున్నారా? టీవీ ముందర గాని, ఫోను చేతికిచ్చి గాని గంటలకొలది కూర్చుండబెట్టుచున్నారా? తల్లి ఎప్పుడు వచ్చినను లోనికి రానిచ్చుదురా? "ఇప్పుడు రావద్దు" అను చోట బిడ్డను ఉంచరాదు.

జబ్బు: జ్వరము వచ్చినచో ఎవరికి ఫోను చేయుదురు? విరేచనములైనచో ఓ.ఆర్.ఎస్. నీళ్లు పట్టించుట తెలియునా? తల్లి, తండ్రి, ఆశా కార్యకర్త, ఇంకొక దగ్గరి బంధువు ఫోను నంబర్లు కాగితముమీద వ్రాసి గోడకు అంటింపవలెను.

సిగ్గుపడి మనము మాటలాడని సంగతి ఒకటి కలదు. పసిపిల్లలను చెడుతలంపుతో ముట్టువారు పరాయివారే కానక్కరలేదు, ఎరిగినవారును కావచ్చును. పిల్లలను కాపాడుటకు 2012లో పోక్సో చట్టము చేయబడినది. మాటలు వచ్చిన బిడ్డకు బట్టల మాటుననుండు అవయవములను ఎవరును ముట్టరాదనియు, ముట్టినచో వెంటనే అమ్మకు చెప్పవలెననియు, అమ్మ కొట్టదనియు నేర్పవలెను. సహాయము కావలసినచో 1098 అను నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. ఇంటి పరువు పోవునని ఇట్టి పాపమును కప్పిపుచ్చుట బిడ్డకు రెండవ గాయము చేయుటయే.

6. పిల్లల నడకనుబట్టి

ఇక కంఠస్థ వాక్యమునకు వత్తము. ఏశావు తనతో కూడ ప్రయాణము చేయుమని పిలిచినప్పుడు, పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులు మందలో ఉన్నవనియు యాకోబు చెప్పెను. ఒక్కదినము వడిగా తోలినచో మంద చచ్చునని అతడెరుగును. అందుచేత పిల్లలు నడువగలిగినంత మెల్లగా నడచి వచ్చెదననెను. అతడు ప్రయాణము మానలేదు. వేగమును మాత్రము పిల్లలనుబట్టి నిర్ణయించుకొనెను. చదువగోరు తల్లికి ఇదియే మంచి సూత్రము.

ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు మాత్రమే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తరువాత మెత్తని ఆహారముతో కూడ రెండేండ్ల వరకు, ఆ పైనను తల్లిపాలు ఇయ్యవచ్చును. హన్నా సమూయేలు పాలు విడుచువరకు యాత్రకు పోకుండ ఇంటియొద్ద నిలిచెను; ఆమె భర్తయు దానికి సమ్మతించెను. బిడ్డ మరీ పసిదైనచో ఒక సంవత్సరము ఆగి చేరుట ఓటమి కాదు. ఆగుటకు వీలులేనిచో, పాలు పిండి శుభ్రమైన మూతగిన్నెలో చల్లని చోట ఉంచి, ఉగ్గుగిన్నెతో పట్టింపవచ్చును. ఎంతసేపు నిలువ ఉంచవచ్చునో నర్సమ్మనడిగి తెలిసికొనవలెను. మన ఎండకాలమున పాలు త్వరగా చెడును. సరిగా కడుగని పాలసీసా విరేచనములకు మూలము.

దాదాపు ఎనిమిదవ నెల మొదలుకొని ఏడాదిన్నర వరకు బిడ్డ తల్లిని ఎడబాయుటకు మిక్కిలి ఏడ్చును. అది మొండితనము కాదు. తల్లిని గుర్తెరిగినందున వచ్చిన ఏడుపు. మొదటి రెండు మూడు దినములు తల్లియు బిడ్డతో కూడ అక్కడనే కూర్చుండవలెను. తరువాత ఒక గంట విడిచి రావలెను, తరువాత ఒక పూట. బిడ్డ ఆటలో ఉండగా కంటబడకుండ జారుకొని పోరాదు. "పోయి వత్తును" అని చెప్పి పోయి, చెప్పిన వేళకు రావలెను. అప్పుడు అమ్మ తప్పక వచ్చునని బిడ్డ నేర్చుకొనును. పాతచీర ముక్కయో, ఎరిగిన బొమ్మయో దగ్గరనుంచినచో కొంత ఊరట.

రెండు మూడు వారములలో సాధారణముగా బిడ్డ అలవాటుపడును. అట్లు గాక, తూనిక తగ్గుచున్నను, నిద్రలో ఉలికిపడి ఏడ్చుచున్నను, ఒక మనిషిని చూచి వణకుచున్నను, ఒంటిమీద గాయములు కనబడినను, ఆలస్యము చేయక ఆ ఏర్పాటును మార్చవలెను. పరీక్ష మరల వచ్చును.

7. పెంచిన చేతికి ఘనత

ఆదికాండము 35:8లో రిబ్కా దాదియైన దెబోరా మరణము వ్రాయబడియున్నది. ఆమెను బేతేలునకు దిగువ సింధూరవృక్షము క్రింద పాతిపెట్టిరి. ఆ చెట్టుకు ఏడ్పు చెట్టను అర్థముగల పేరు పెట్టిరి. రిబ్కా మరణించిన దినమును వాక్యము చెప్పలేదు గాని, ఆమెను పెంచిన దాది పేరును, సమాధిని, ఆమెకొరకు కార్చిన కన్నీటిని చెప్పినది. దేవుని గ్రంథములో దాది పనికి ఇంత ఘనత ఉన్నది.

మన నడుమ ఎట్లున్నది? ట్యూషను మాస్టరుకు అడిగినంత ఇచ్చి, పసిబిడ్డను దినమంతయు చూచు స్త్రీయొద్ద బేరమాడుదుము. లేవీయకాండము 19:13 కూలివాని కూలిని తెల్లవారువరకు నిలిపియుంచరాదని ఆజ్ఞాపించుచున్నది. చెప్పిన దినమున చెప్పిన జీతము చేతిలో పెట్టవలెను. పండుగకు ఆమెకును ఒక చీర పెట్టవలెను. తల్లి ఆలస్యముగా వచ్చిన దినమున ఆమె ఇంటిలోను పొయ్యి ఆలస్యమగునని తలంచుకొనవలెను. జీతము తీసికొనని అవ్వకైనను వారమునకొక దినము విశ్రాంతి ఇయ్యవలెను.

8. తండ్రి భాగము, సంఘపు భాగము

ఈ పాఠములో ఇంతవరకు తల్లి మాటయే ఎక్కువగా వచ్చినది. బిడ్డ ఇద్దరిది. భార్య పరీక్షకు చదువు రాత్రులలో బిడ్డను జోకొట్టుట, ఉదయమున స్నానము చేయించి తల దువ్వుట, అంగన్‌వాడీకి దింపి వచ్చుట పురుషునికి అవమానము కాదు. భార్యకు "నీవు చదువుకో, నేనున్నాను" అని చెప్పిన భర్త, ఆ మాటను ఏడ్చు బిడ్డను ఎత్తుకొని చూపవలెను.

సంఘమునకును ఒక భాగము కలదు. దూరవిద్య సంపర్క తరగతులు అనేకసార్లు ఆదివారములందును, సెలవు దినములందును జరుగును. ఆ దినములలో అంగన్‌వాడీకి కూడ సెలవే! తల్లికి మిక్కిలి అవసరమైన దినముననే ద్వారము మూసియుండును. ఆమె ఆరాధనకు రాలేదని గుసగుసలాడుటకు ముందు, ఆమె బిడ్డను మనలో ఎవరు చూచితిమని అడుగుకొందము. సండేస్కూలు పిల్లలను ఆరాధన ముగిసినతరువాత మధ్యాహ్నము వరకు ఉంచుకొని, ఇంత అన్నము పెట్టి, కథ చెప్పి, ఆటలాడించుట స్త్రీల సమాజమునకు అసాధ్యమా? ఇద్దరిద్దరు స్త్రీలు వంతులు వేసికొనినచో ఎవరిమీదను భారము పడదు. వారములో ఆరు దినములు మన మందిరపు గది తాళము వేసియేయుండును గదా.

ఇట్లు చేసిన సంఘమొకటి చరిత్రలో నున్నది. ఫ్రాన్సు దేశపు తూర్పు కొండలలో వాల్డర్స్‌బాక్ అను పేద గ్రామమున జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్ అను పాదిరి 1767 మొదలుకొని 1826లో తన మరణమువరకు సేవచేసెను. తలిదండ్రులు పొలములకు పోగా పసిపిల్లలు దిక్కులేక తిరుగుచుండుట సారా బాంజే అను రైతుబిడ్డ చూచి, వారిని చేరదీసి అల్లిక నేర్ప నారంభించెను. ఓబర్లిన్ ఆమెకు అండగా నిలిచి, ఊరూర అట్టి స్త్రీలను నియమించెను. తరువాత లూయీస్ షెప్లర్ అను సేవకురాలు ఆ పనిలోనే తన జీవితము గడిపెను. ఐరోపాలో శిశుశాలల చరిత్ర చెప్పువారు ఈ పల్లె సంఘమును తప్పక తలచుకొందురు. వారు మనకంటె ధనవంతులు కారు. చూచిన కన్నును, తెరచిన గదియును వారికుండెను.

ప్రియులారా, చదువుకొన్న తల్లి ఇంటిలో పుస్తకము తెరచి కూర్చున్నప్పుడు బిడ్డయు ప్రక్కన చేరి పుటలు త్రిప్పును. ఆమెకు కలిగిన వెలుగు రెండు తరములకు వెలుగగును. ఆ మేలు కొరకు బిడ్డను మంచి చేతులకు అప్పగించుదము. మెల్లగా, కన్ను తీయకుండ, పిల్లల నడకనుబట్టి అప్పగించుదము. ఆ చేతులలో కొన్ని మనవే కావలెను.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో బిడ్డను చూచువారు లేక చదువు ఆపుకొన్న తల్లులు ఎవరైనను ఉన్నారా? వారి యింటికి ఎవరు పోయి మాటలాడుదురు?
2. చిన్నవారిని చూచుటకు బడి మానిన ఆడపిల్ల మన వాడలో ఉన్నదా? ఆమెను మరల బడికి పంపుటకు ఏమి చేయవలెను?
3. యోకెబెదు పూసిన కీలువలె, మన ఇండ్లలో మూయవలసిన సందులేవి?
4. మన అంగన్‌వాడీ వేళలేవి? సెలవులెప్పుడు? పురుషులలో ఎందరికి ఈ సంగతి తెలియును?
5. మందిరపు గదిని నెలలో ఏ దినములు పసిపిల్లలకొరకు తెరువవచ్చును? వంతులు ఎవరు వ్రాయుదురు?

ప్రార్థనాంశములు

మరల చదువ నారంభించిన తల్లులకొరకు, వారి జ్ఞాపకశక్తికొరకు, ధైర్యముకొరకు ప్రార్థింపుడి. ఇండ్లలో బిడ్డలను చూచు అవ్వలకొరకు, జీతమునకు చూచు స్త్రీలకొరకు, అంగన్‌వాడీ టీచర్లకొరకు, ఆయాలకొరకు ప్రార్థింపుడి. బడి మానిన అక్కలకొరకు ప్రార్థించి, లేచి వారి గుమ్మమునకు నడువుడి.